టెరిటోరియల్ ఆర్మీ మనిషికి సరిహద్దులో రోజు ఎలా గడుస్తుంది? రాజోలు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అమ్మా,

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. మీ వారు కొన్నేళ్ల కిందట టెరిటోరియల్ ఆర్మీలో చేరారు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, రెండెకరాల వరి చూసుకుంటూ, ఏటా శిక్షణకు వెళ్లి వచ్చేవారు. ఇప్పుడు బెటాలియన్‌ను ఎంబాడీ చేసి, అంటే పూర్తికాల డ్యూటీకి పిలిచి, జమ్మూ కశ్మీర్‌కు పంపారు. రోజుల తరబడి ఫోను కలవడం లేదు. అక్కడ ఆయన రోజు ఎలా గడుస్తుందో, మీరు ఎంతవరకు భయపడాలో, ఇంటి దగ్గర ఏం చేయాలో చెప్పమన్నారు.

అక్కడ ఆయన రోజులో ఎక్కువ భాగం కాపలాకు, ఒళ్లు అలిసే పనికి, విడతలుగా దొరికే నిద్రకు పోతుంది. కాల్పులు జరిగే రోజులు ఉంటాయి గాని అవి తక్కువ. ఫోను కలవకపోవడం అక్కడ మామూలు సంగతి, దాన్ని కీడుగా తలచవద్దు. ఆయన మనసును నిజంగా తినేసేది ఇంటి దగ్గర తెగకుండా మిగిలిపోయిన వ్యవహారాలు. వాటిని తేల్చడం మీ చేతిలో ఉంది.

నేను భీమవరం దగ్గరి ఒక పల్లె నుంచి 1990ల మొదట్లో టెరిటోరియల్ ఆర్మీలో చేరాను. బెటాలియన్ ఎంబాడీ అయినప్పుడల్లా కశ్మీర్‌లో పనిచేశాను, లేనప్పుడు ఊళ్లో వ్యవసాయం చేశాను, సుబేదారుగా పదవీ విరమణ పొందాను. ఇప్పుడు అక్కడ ఉన్నవారికి ఇబ్బంది కలిగించే వివరాలు, అంటే పోస్టుల పేర్లు, మనుషుల సంఖ్య, గస్తీ వేళలు, ఇక్కడ రాయను. మీకు కావలసింది కూడా అది కాదు.

ఇటువంటి సంగతులు తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలో ఎవరింటికి వెళ్లినా చెబుతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది, అక్కడి ఆడవాళ్లకు సైన్యం పద్ధతులు పుట్టినప్పటి నుంచి తెలుసు. కోనసీమలో, ఊరికి ఒక్కరో ఇద్దరో సైన్యంలో ఉన్న చోట, అడగడానికి పక్కింట్లో ఎవరూ ఉండరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక అపోహ తీరాలి. ఎంబాడీ అయినంత మాత్రాన మీ వారు నియంత్రణ రేఖ మీదనే నిలబడి ఉన్నారని అర్థం కాదు. టెరిటోరియల్ ఆర్మీ 1948 నాటి చట్టంతో ఏర్పడింది, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారు దాన్ని ప్రారంభించారు. తమ తమ వృత్తుల్లో ఉన్న పౌరులను అవసరమైనప్పుడు పిలిచి, రెగ్యులర్ సైన్యానికి వేరే పనుల భారం తగ్గించడం దాని ఉద్దేశం. 2025 మేలో, పహల్గాం దాడి తరువాత, కేంద్రం సైన్యాధిపతికి టెరిటోరియల్ ఆర్మీని పిలిచే అధికారం ఇచ్చినప్పుడు కూడా, ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను దేశంలోని వేరువేరు కమాండ్లలో, అండమాన్‌తో సహా, నియమించేందుకు ఉత్తర్వు వచ్చింది. జమ్మూ కశ్మీర్‌కు వెళ్లిన బెటాలియన్‌లో కూడా ఒక కంపెనీ (బెటాలియన్‌లో ఒక భాగం) ముందు వరుసలో ఉంటే మరొకటి వెనుక వంతెనకో, ఆయుధాల డిపోకో కాపలాగా ఉండవచ్చు, ఇంకొకటి కాన్వాయి వెళ్లే రోడ్డును తెల్లవారుజామునే పరీక్షించే పనిలో ఉండవచ్చు. టెరిటోరియల్ ఆర్మీ ఇంజనీర్ల యూనిట్లయితే కంచె మరమ్మతుల్లో ఉంటాయి. ఏ పనిలో ఉన్నారన్నది ఆయన మీకు చెప్పకపోతే అది దాపరికం కాదు, నియమం.

ఇక రోజు సంగతి. ముందు వరుస పోస్టులో దినచర్య సూర్యోదయంతో కాకుండా చీకటి పడే వేళతో మొదలవుతుందని అనుకోవడం సరైనది. పొద్దు వాలుతుండగా స్టాండ్ టు ఉంటుంది: పోస్టులో ఉన్న ప్రతి మనిషీ, వంటవాడితో సహా, ఆయుధంతో తన స్థానంలో నిలబడతాడు. తెల్లవారే వేళ మళ్లీ అదే జరుగుతుంది. వెలుగు మారే ఆ రెండు వేళల్లోనే దాడికి అవకాశం ఎక్కువ కాబట్టి ఈ పద్ధతి ఏ సైన్యంలోనైనా పాతదే. ఆ తరువాత రాత్రంతా జంటలుగా సంత్రీ డ్యూటీ మారుతూ ఉంటుంది. కొందరు బయట పొంచి ఉండే డ్యూటీకి వెళతారు, అంటే ఒక దారిని కనిపెట్టుకుని, దగ్గకుండా, బీడీ ముట్టించకుండా, గంటల తరబడి కదలకుండా పడుకుని ఉండాలి.

రాత్రి కాపలాలో కంటికంటే చెవికి పని ఎక్కువ. దీనికి మా కంపెనీలోని ఒక కుర్రవాడి సంగతి చెబుతాను, అతనిది ఉండి అనే ఊరి వైపు. సైన్యంలోకి రాకముందు అతను రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. ఏరేటర్ల మోత మధ్య నిద్రపోయి, వాటిలో ఒక్కటి ఆగినా లేచి కూర్చునే అలవాటు అతనిది, ఎందుకంటే గాలి ఆడకపోతే తెల్లారేసరికి సరుకు మొత్తం పోతుంది. పోస్టులో అందరూ శబ్దం కోసం వింటుంటే అతను ఆగిపోయిన శబ్దాన్ని పట్టేవాడు. ఒక వేసవి రాత్రి నాలాలో, అంటే కొండ వాగులో, కీచురాళ్ల మోత ఒక పక్క మాత్రమే నిలిచిపోయిందని నా భుజం తట్టి చూపించాడు. ఆ పక్కన ఏదో నడుస్తోందని అర్థం. ఎలుగుబంటి అని తేలింది గాని, తేలేవరకు పోస్టు మొత్తం మేల్కొనే ఉంది. రొయ్యల చెరువు గట్టు మీద నేర్చుకున్నది ఏ శిక్షణ కేంద్రమూ అతనికి నేర్పలేదు. పౌర సైనికుడి బలం ఇటువంటి చోటనే కనిపిస్తుంది, మీ వారు కూడా తమ పనిలో నేర్చినదేదో అక్కడ తప్పక వాడుతూ ఉంటారు.

తెల్లవారాక కంచె పరీక్ష. 2004 నాటికి నియంత్రణ రేఖకు మన వైపున కట్టిన ఆ కంచె వెంట గస్తీ నడుస్తూ, తీగ ఎక్కడైనా తెగిందా, కింద మట్టి తవ్వినట్టుందా, అడుగు గుర్తులున్నాయా అని అంగుళం అంగుళం చూస్తారు. మంచు బరువుకు కంచె ఏటా చాలా చోట్ల కూలిపోతుంది, వసంతంలో మళ్లీ నిలబెట్టాలి. గస్తీ తిరిగి వచ్చాక టీ, టిఫిను, ఆయుధాలు శుభ్రం చేయడం, ఆపైన నాలుగు గంటలో ఐదు గంటలో నిద్ర. మధ్యాహ్నం భోజనం తరువాత ఒళ్లు అలిసే పని: నీళ్లు మోయడం, ఇసుక బస్తాలు మార్చడం, బంకరు కప్పు మీద మట్టి సరిచేయడం, పోర్టర్లు, కంచర గాడిదలు తెచ్చిన సరుకు దించుకోవడం. వాన కురిస్తే ఈ పని రెట్టింపవుతుంది. సాయంత్రం రోల్ కాల్‌లో ఎవరు ఎక్కడ, ఏ వేళకు అన్నది చదువుతారు. మళ్లీ చీకటి.

వారాల తరబడి ఇదే క్రమం సాగుతుంది. ఏమీ జరగని రోజుల్లో, జరగవచ్చునన్న ఎరుకతో మేల్కొని ఉండటమే అక్కడి అసలైన శ్రమ. నిద్ర ఎప్పుడూ ఒక్క విడతలో దొరకదు కాబట్టి చిన్న విషయానికి చిరాకు పడటం, మాట తగ్గిపోవడం సహజం. ఫోనులో ఆయన పొడిగా మాట్లాడితే మీ మీద కోపమని అనుకోకండి.

తిండి గురించి చాలామంది అడుగుతారు. దక్షిణాది బెటాలియన్లయితే అన్నం, సాంబారు ఉంటాయి, లేనిచోట రొట్టె, పప్పుకు అలవాటు పడతారు. ఎత్తయిన చోట నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి ప్రెషర్ కుక్కరు లేకుండా అన్నం ఉడకదు. మన మనిషికి అక్కడ కొరవయ్యేది కారం, పులుపు. దాని గురించి పార్సిళ్ల దగ్గర చెబుతాను.

చలి మన ప్రాంతపు మనిషికి మొదటి శత్రువు. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో పుట్టి, కాలువలో ఈది పెరిగినవాడు ఒక్కసారిగా 9,000 అడుగులు దాటి వెళితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ ఎత్తుకు వెళ్లేవారిని మొదట 6 రోజులు, 12,000 అడుగులు దాటితే మరో 4 రోజులు, 15,000 దాటితే ఇంకో 4 రోజులు ఆపి అలవాటు చేస్తారు. ఈ నియమాన్ని సైన్యం గట్టిగా పాటిస్తుంది. మీ వారు వెళ్లిన కొత్తలో "ఊరికే కూర్చోబెట్టారు" అని చెప్పి ఉంటే అది ఇదే.

పాదాల సంగతి ఇంకా ముఖ్యం. మన రైతు ఊడ్పుల కాలంలో రోజంతా బురదలో ఉత్తికాళ్లతో నిలబడతాడు, పాదం తడిస్తే అతనికి లెక్క లేదు. మంచులో ఆ నిర్లక్ష్యం వేళ్లు పోగొడుతుంది. మేజోళ్లు చెమటతో తడిసినా వెంటనే మార్చాలి, పాదం తుడిచి పౌడరు చల్లాలి, విప్పినవి చొక్కా లోపల ఒంటికి ఆనించి ఆరబెట్టుకోవాలి. నేను ప్రతి రాత్రీ డ్యూటీకి ముందు మా కుర్రవాళ్లను వరుసగా కూర్చోబెట్టి పాదాలు చూపించమనేవాడిని, వేలి చివర తెల్లబడిందా అని లాంతరు పెట్టి చూసేవాడిని. కొందరికి నామోషీగా ఉండేది, అయినా మానలేదు. రెండవది బుఖారీ, అంటే బంకరులో వెచ్చదనం కోసం పెట్టే కిరోసిన్ పొయ్యి. గాలి ఆడే దారి మూసి, దాన్ని వెలిగించి నిద్రపోతే విషవాయువుతో నిద్రలోనే ప్రాణం పోతుంది. మీరు ఫోనులో ఏదైనా ఒక్క జాగ్రత్త చెప్పదలిస్తే, తుపాకీ గుళ్ల గురించి కాక, తడి మేజోళ్ల గురించీ, బుఖారీ గురించీ చెప్పండి.

ప్రమాదం లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. 2003 నవంబరులో కాల్పుల విరమణ మొదలైంది, కొన్నేళ్లు బాగానే నిలిచి తరువాత చెడింది, 2021 ఫిబ్రవరిలో రెండు సైన్యాలూ దాన్ని మళ్లీ పాటిస్తామని ఒప్పుకున్నాయి, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో భారీ ఫిరంగి కాల్పులు జరిగి మే 10న ఆగాయి. అంటే ఏళ్లు ప్రశాంతంగా గడిచి, కొద్ది రోజుల్లో అంతా మారిపోవచ్చు. కాల్పులు మొదలైతే చేయవలసింది ముందే నిర్ణయమై ఉంటుంది: ఎవరు బంకరులోకి, ఎవరు ఆయుధం దగ్గరకు, ఎవరు వైర్‌లెస్ దగ్గరకు అన్నది ప్రతివారికీ కంఠతా వచ్చేలా అభ్యాసం చేయిస్తారు. ఇంటివారు ఊహించుకోని ప్రమాదాలు మరికొన్ని ఉన్నాయి. వానకు, మంచుకు, కొండచరియలకు పాత మందుపాతరలు చోటు మారతాయి. హిమపాతాలు విరుచుకుపడతాయి. ఘాట్ రోడ్ల మీద వాహనాలు జారిపోతాయి. గుర్తు పెట్టిన బాట దాటవద్దని చెప్పేది అందుకే, ఆ మాట వినే మనిషికి ముప్పు చాలా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెగ్యులర్ సైనికుడి ఇల్లు అతను లేకుండా నడవడానికి మొదటి నుంచీ అలవాటు పడి ఉంటుంది. టెరిటోరియల్ ఆర్మీ మనిషి నిన్నటి వరకు ఇంట్లోనే ఉన్నాడు. కౌలు మాట అతనే మాట్లాడాడు, సొసైటీ అప్పు అతని పేరునే ఉంది, చెరువుకు మేత అరువు తెచ్చింది అతనే. ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజుల్లో అవన్నీ అలాగే వదిలి రైలెక్కాడు. పోస్టులో కూర్చున్నా అతని లెక్క ఊరి కాలం ప్రకారమే నడుస్తుంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువకు నీళ్లు వదిలారా, మన బోదెకు అందాయా, సార్వా కోతకు ముందు తుపాను వస్తుందా, దాళ్వాకు నీళ్లిస్తారా అన్న ఆలోచనలు డ్యూటీలో కూడా వదలవు.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను నేలమట్టం చేసినప్పుడు నేను కశ్మీర్‌లో ఉన్నాను. మా సెక్షన్‌లో అమలాపురం, ముమ్మిడివరం వైపు వాళ్లు ఉన్నారు. రేడియోలో వార్త వచ్చింది, ఊళ్ల పేర్లు కొన్ని వచ్చాయి, ఆపైన ఏమీ తెలియలేదు. ఫోన్లు లేవు, ఉత్తరం రావడానికి వారాలు పడుతుంది. ఆ రాత్రుల్లో కళ్లు తెరిచి నిలబడ్డారు గాని, వాళ్లు కాపలాలో లేరని నాకు తెలుసు. కంపెనీ కమాండరుతో మాట్లాడి వాళ్లను కొన్నాళ్లు సంత్రీ డ్యూటీ తప్పించి లంగర్ (వంటశాల) పనికి, సరుకు పనికి మార్చాము. కబురు అందినవారిలో ఇల్లు పడిపోయిందని తెలిసినవాడు కూడా, తెలిసిన మరునాటి నుంచి మామూలుగా డ్యూటీ చేశాడు. కబురు అందనివాడే చివరిదాకా తేరుకోలేదు. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చి లంకలు మునిగినప్పుడు, సర్వీసులో ఉన్న మా ఊరి కుర్రవాడొకడు నాకు ఫోను చేసి, "ఇంట్లోవాళ్లు అంతా బాగానే ఉంది అంటున్నారు, మీరు వెళ్లి చూసి నిజం చెప్పండి మావయ్యా" అన్నాడు. పాతికేళ్లలో ఫోన్లు మారాయి గాని అతనికి కావలసింది అదే.

అందుచేత చెడ్డ వార్తను దాచకండి, సగం చెప్పకండి. "అత్తయ్యకు కొంచెం ఒంట్లో బాగోలేదు" అని చెప్పి ఫోను పెట్టేస్తే, అక్కడ ఆ సగం మాటను రాత్రంతా తిరగేసుకుంటారు. ఏ జబ్బు, ఏ డాక్టరు, ఎంత ఖర్చు, ఎవరు తోడున్నారు, మీరు రావాలా అక్కరలేదా అన్నది వరుసగా చెప్పండి. నిర్ణయం మీరే తీసుకున్నదైతే తీసుకున్నానని చెప్పండి. ధాన్యం రేటు దగ్గర ఆయన అనుకున్నదానికంటే బస్తాకు కొంత తక్కువే వచ్చినా, అమ్మేశామన్న మాట ఆయనకు నిద్ర ఇస్తుంది.

నిజంగా రావలసిన పరిస్థితి అయితే ఆయన మొబైలుకు ప్రయత్నిస్తూ కూర్చోవద్దు. బెటాలియన్ సొంత స్థావరంలో వెనుక ఉండిపోయే కార్యాలయం ఉంటుంది, ఆ నంబరు ఆయన దగ్గర ఇప్పుడే తీసుకుని గోడ మీద రాసి పెట్టుకోండి. అక్కడికి ఆసుపత్రి కాగితంతో సహా కబురు పెడితే, సైన్యం సొంత లైన్ల మీద అది పోస్టుకు చేరుతుంది. రుజువున్న కబురుకు సెలవు త్వరగా దొరుకుతుంది. అయితే చలికాలంలో సెలవు మంజూరైనా దారి ఉండకపోవచ్చు: గురేజ్ వెళ్లే రాజ్‌దాన్ కనుమ వంటివి మంచుతో మూసుకుపోతే హెలికాప్టరు కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. జమ్మూ చేరాక కూడా విజయవాడకు రెండు రాత్రుల రైలు ఉంటుంది. ఈ లెక్క మీ మనసులో ఉంచుకోండి.

ఫోను విషయం: ముందు పోస్టుల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, ఉన్న చోట భద్రత కోసం వాడనివ్వరు, ఉద్రిక్తత పెరిగితే పూర్తిగా ఆపేస్తారు. 2019 ఆగస్టులో కశ్మీర్ లోయ అంతటా మొబైళ్లు పనిచేయలేదు. "ఈ వారం కలవకపోతే వచ్చే వారం ఫలానా పూట ప్రయత్నిస్తాను" అన్న ఒప్పందం మీ ఇద్దరి మధ్య ఉంటే ఆందోళన చాలావరకు తగ్గుతుంది. ఉత్తరాలు రాయండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, దాని పిన్ కోడ్, కింద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే చాలు, ఊరి పేరు అక్కరలేదు. ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు, ఫోనుకు ఆ సౌకర్యం లేదు. పిల్లవాడి చేతి రాత ఒక పేజీ ఉంటే మరీ మంచిది.

పార్సిల్లో ఆత్రేయపురం పూతరేకులు పంపకండి, పొడి అయిపోయి చేరతాయి. అదే ఆత్రేయపురం మామిడి తాండ్ర ఎన్నాళ్లయినా చెడదు, జేబులో పెట్టుకుని గస్తీలో తినవచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు మంచివి. ఆవకాయ కొంచెమే పంపండి, గాజు సీసాలో వద్దు, చలికి నూనె గడ్డకట్టి ముక్క తీయడం కష్టమవుతుంది. ఒక్కరికే సరిపడేంత పంపితే ఆయనకు మిగలదు, పోస్టులో ఎవరి పార్సిలైనా అందరిదీ.

ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో ఆయన యూనిఫారం ఫొటోలు, వెళ్లిన తేదీ, చోటు పెట్టకండి. "హెడ్‌క్వార్టర్స్ నుంచి మాట్లాడుతున్నాం" అంటూ ఎవరైనా ఆయన పోస్టు గురించో, బ్యాంకు ఖాతా గురించో అడిగితే చెప్పకండి. టీవీలో సరిహద్దు వార్త వస్తే ఒకసారి చూసి కట్టేయండి. ఏదైనా జరిగితే కబురు యూనిట్ ద్వారానే వస్తుంది, టీవీ ద్వారా కాదు.

చివరగా జీతం, ఉద్యోగం. ఎంబాడీ అయిన కాలానికి రెగ్యులర్ సైనికులతో సమానంగా జీతభత్యాలు, వైద్యం, క్యాంటీన్ ఉంటాయి. ఎంబాడీ కాని కాలానికి, శిక్షణ రోజులు మినహా, ఏమీ ఉండదు. జవాన్లకు పింఛను రావాలంటే ఎంబాడీ అయిన కాలం అంతా కలిపి 15 ఏళ్లు నిండాలి, కాబట్టి దాన్ని నమ్ముకుని కంపెనీ ఉద్యోగాన్ని తేలికగా తీసుకోవద్దు. పిలుపు మీద వెళ్లిన మనిషిని తిరిగి వచ్చాక ఉద్యోగంలోకి తీసుకునే బాధ్యత యజమానిపై ఉందని టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోనే ఉంది. మా వాళ్లలో ఒకరికి తిరిగి వచ్చేసరికి ఆ స్థానంలో వేరొకరు కూర్చుని ఉన్నారు, కాగితాలన్నీ చేతిలో ఉండటం వల్లనే ఆ తగవు తెగింది. ఎంబాడీ ఉత్తర్వు నకలును మీ వారి కంపెనీకి ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నారో లేదో చూడండి. లేకపోతే ఈ వారమే ఆ పని చేయండి. జీతం పడే ఖాతాలో నామినీగా మీ పేరు ఉందా, సర్వీసు రికార్డులో మీ పెళ్లి, పిల్లల పుట్టిన తేదీలు నమోదయ్యాయా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. వీటిలో ఎక్కడ చిక్కు వచ్చినా ఆయన ఆర్మీ నంబరు, మీ ఆధార్, పెళ్లి ధ్రువపత్రం పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ ఏ కాగితం అడిగారో ఇక్కడ రాస్తే, దాన్ని ఎలా తెప్పించుకోవాలో చెబుతాను.